తప్పు చెప్పినవాళ్లకే చాక్లెట్

నిన్న పొద్దున మా చెల్లెలు జ్యోతి ఫోన్ చేసింది. "అక్కా, షాహీన్ మేడం చనిపోయిందట."

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏంటో తెలుసా? "మరి సాయంత్రం బ్యాచ్ ఎవరు తీసుకుంటరే?"

షాక్‌లో మనిషి ఏదైనా అంటుంది. షాహీన్ జ్వరమని దవాఖానలో చేరింది, తగ్గి వచ్చేస్తుందనే అనుకున్నాం అందరం.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. షాహీన్, నేను నల్గొండలో డిగ్రీ ఒకే బెంచీ మీద చదివాం. కట్టంగూర్‌లో కంప్యూటర్ సెంటర్ కలిసే పెట్టాం. కొత్తగా నేర్చుకునేవాళ్లకు పైథాన్ ప్రోగ్రామింగ్ చెప్పేవాళ్లం. పొద్దున బ్యాచ్ నాది, సాయంత్రం బ్యాచ్ తనది.

నా బ్యాచ్ వాళ్లు సాయంత్రం మళ్లీ వచ్చి తన క్లాసులో కూర్చునేవాళ్లు. నా సొంత చెల్లెలితో సహా!

కుళ్లు కాక ఏముంటుంది?

ఎక్స్‌ప్రెషన్ అంటే ఏంటో నేను బోర్డు నిండా రాసి చెప్పాను. విలువలు, వేరియబుల్స్, ఆపరేటర్లు కలిస్తే ఎక్స్‌ప్రెషన్ అని. జ్యోతి బట్టీ పట్టింది కానీ, ముక్క అర్థం కాలేదు.

సాయంత్రం షాహీన్ ఏమందంటే, "అడిగితే ఒక్క విలువ తెచ్చి చేతిల పెట్టేదే ఎక్స్‌ప్రెషన్. గంతే. 2 + 3 ని అడుగు, అయిదు తెస్తది."

"మరి కోట్స్‌ల పెట్టి "2" + "3" అంటే ఇరవై మూడు లెక్క వస్తుందేంది మేడం?" అని ఎవరో అడిగారు.

"కోట్స్‌ల పెట్టినంక గవి అంకెలు కావు బిడ్డా, రాతలు. రెండు బస్సుల నంబర్లు కూడితే మూడో బస్సొస్తదా? పక్కపక్కన నిలవడ్తయ్."

జ్యోతి ఇంటికొచ్చి ఇదంతా నాకే చెప్పింది, నాకేదో తెలియనట్టు. ఆ పూట నాకు అన్నం దిగలేదు.

ఇంకో పద్ధతి ఉండేది తనకు. ఎంటర్ కొట్టకముందే జవాబు ఏమొస్తుందో అందరూ పైకి చెప్పాలి. తప్పు చెప్పినవాళ్లకు టేబుల్ సొరుగులోంచి చాక్లెట్!

"ఒప్పు చెప్పినోళ్లకు ఇయ్యాలె గాని, గిదేం పద్ధతే?" అన్నాను ఒకసారి.

"ఒప్పు చెప్పినోళ్లకు ఖుషీ ఉంది గదనే. తప్పు చెప్పినోళ్లకు ఏమున్నది?" అంది నవ్వుతూ.

నాకు ఒళ్లు మండింది. అంత మంచి మాట నాకెందుకు తట్టలేదని.

నిన్న వాళ్లింటి ముందు ఎంత జనమో. అందరూ ఏడుస్తున్నారు. నేను పోతే ఇంతమంది వస్తారా అనుకున్నాను. అవును, అక్కడ నిలబడి కూడా అదే అనుకున్నాను.

షాహీన్, ఇక నీతోనే మాట్లాడతాను.

ఈ రోజు సెలవని గ్రూప్‌లో మెసేజ్ పెట్టాను. అయినా నీ బ్యాచ్ మొత్తం వచ్చింది. ఎవరి సీట్లో వాళ్లు కూర్చున్నారు. ఈ సెంటర్ ఇక నడుస్తుందా, వీళ్లు నా దగ్గర నిలుస్తారా అని ఒక్కొక్కరినీ లెక్కపెట్టాను.

బోర్డు మీద నీ చేతిరాత అలాగే ఉంది. తర్వాతి క్లాసుకని రాసి పోయావు.

-3 ** 2

మైనస్ మూడు, స్క్వేర్. నాకు తెలిసిందే కదా అని టైప్ చేసి ఎంటర్ మీద వేలు పెట్టాను.

"మేడం, ఆగుండ్రి! మేం ఇంకా చెప్పలే!" అని క్లాసంతా ఒక్కసారే అరిచింది.

నా క్లాసులో కూడా నీ పద్ధతే!

అందరూ తొమ్మిది అన్నారు. నేను కూడా తొమ్మిదే అన్నాను, గట్టిగా.

ఎంటర్ కొట్టాను. మైనస్ తొమ్మిది వచ్చింది.

పైథాన్ ముందు స్క్వేర్ చేసి, తర్వాత మైనస్ పెడుతుంది. చదివిందే. మర్చిపోయాను. క్లాసంతా తప్పు, టీచరుతో సహా.

జ్యోతి లేచి నీ సొరుగు తీసింది. అందరికీ పంచుతూ వచ్చి నా చేతిలో కూడా ఒకటి పెట్టింది. "తీస్కో అక్కా, నువ్వు గూడ తప్పు చెప్పినవ్."

ఇన్నేళ్లలో నీ చాక్లెట్ నాకు అందడం ఇదే మొదలు. అప్పుడు ఏడ్చాను. నిన్నటి నుంచి రానిది అప్పుడు వచ్చింది.

రేపు కూడా వస్తామన్నారు. నా కోసం కాదులే, నాకు తెలుసు. కుళ్లు ఇంకా పోలేదు, పోదు కూడా.

నువ్వు చల్లగా పడుకో షాహీన్. చాక్లెట్లు నేను తెస్తాను.