మా ఇంట్లో రెండుసార్లు ఉడికిన బోనం

గ్రామ ప్రజలకు ముఖ్య ప్రకటన: ఈ రోజు మా ఇంట్లో అమ్మవారి బోనం రెండుసార్లు వండారు.

మా ఆవిడ నిన్నే కోడికూర గిన్నెలన్నీ కొట్టంలోకి పంపి, ఇల్లు కడిగింది. పొద్దున తలస్నానం చేసి కొత్త గిన్నెలో బోనానికి బెల్లం అన్నం వండింది. అమ్మవారికి పెట్టకముందు దాన్ని ఎవరూ రుచి చూడకూడదు. నేను మీసం తుడుచుకుంటూ, "బెల్లం జర తక్కువైందే" అన్నాను.

"నోట్లె పెట్టినవా? ఎంగిలి చేసినవ్ గదయ్యా! అవుతల డప్పులు బయలెల్లినయ్!" అని ఆమె గరిటె ఎత్తింది.

"ఉత్తగనే అన్ననే, ముట్టనే లేదు."

"నీ మాట నమ్మి అమ్మకు ఎంగిలి పెట్టాల్నా? గా అన్నమంతా నువ్వే తిను!"

తిన్నాను. బెల్లం సరిగ్గానే ఉంది. ఊరి బోనాలను గుడికి తీసుకెళ్లే డప్పులు మా గుమ్మానికి వచ్చేలోపే రెండో వంట అయిపోయింది. మీరైతే నా మాట నమ్మేవారా?

ఇందులో ఒక్కటే కల్పించాను. డప్పులు వచ్చేలోపు వంట కాలేదు. అన్నం ఉడికేదాకా ఊరంతా మా గుమ్మం ముందు నిలబడి నన్నే చూసింది.