అత్తమ్మ ఎడమ చెయ్యి

ఆ పొద్దున మోండా మార్కెట్ నుంచి తెచ్చిన గోంగూర ముందేసుకుని అత్తమ్మ ఆకులు తుంచుతోంది. ఉన్నట్టుండి ఆమె ఎడమ చెయ్యి విసురుగా లేచి పక్కనున్న చాయ్ గ్లాసును తోసేసింది.

"ఏందత్తమ్మా?"

"నేను కాదే. అదే లేస్తుంది."

మధ్యాహ్నానికి ఎడమ కాలూ తోడైంది. చేతిని తొడ కింద అదిమి పెట్టుకుని కూర్చున్నా విదిలించుకుని బయటపడేది. నమాజుకు నిలబడితే కట్టుకున్న చేతులు నిలవడం లేదని ఏడ్చింది. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఏదీ దాగదు. పక్కింటావిడ వచ్చి, "నజర్ తగిలింది, జెర తాయెత్తు కట్టించు" అంది. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చింది మొదలు గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. ఎవరికీ తినబుద్ధి కాలేదు. ఆ రాత్రి అత్తమ్మ నిద్రపోయాక మాత్రం ఆ చెయ్యీ కాలూ కదలకుండా పడి ఉన్నాయి.

మరునాడు ఆసుపత్రిలో నరాల డాక్టరమ్మ అడిగింది, "షుగర్ గోళీలు వేసుకుంటున్నారా?"

అత్తమ్మ తల వంచుకుంది. "బంద్ చేసిన. ఏదో కషాయం తాగుతున్న. తక్లీఫ్ ఏం లేకుండె."

రక్తంలో షుగర్ విపరీతంగా ఉంది. స్కాన్‌లో మెదడు కుడివైపు, బాగా లోపల, ఒకచోట తెల్లగా కనబడింది.

"దీన్ని బేసల్ గాంగ్లియా అంటాం. మన కదలికల్ని అదుపులో పెట్టేది ఇదే, కుడివైపుది ఎడమ చెయ్యీ కాలూ చూసుకుంటుంది. షుగర్ పెరిగి దెబ్బతింది. నజరూ దిష్టీ కాదు, పక్షవాతమూ కాదు. చాలామందికి తగ్గిపోతుంది."

ఇన్సులిన్‌తో షుగర్ తొందరగానే దిగింది. చెయ్యి మాత్రం ఆగలేదు. కదలికలు తగ్గేందుకు ఇచ్చిన గోళీలతో ఆమె మత్తుగా పడుకునేది, మెలకువ రాగానే మళ్లీ విసుర్లు. దెబ్బ తగలకుండా మంచం పట్టెలకు దుప్పట్లు చుట్టాను. వారాలు గడిచేకొద్దీ విసుర్లు తగ్గి మెలికలయ్యాయి, చివరికి వేళ్లు అప్పుడప్పుడు అదిరేవి, అంతే. డాక్టరమ్మ ఆ గోళీలు మెల్లగా తగ్గించి ఆపేసింది.

ఇప్పుడు ఇన్సులిన్ సూది తనే పొడుచుకుంటుంది. నాకే ఇంకా కుదురు రాలేదు. ఆమె కత్తిపీట ముందేసుకుంటే నా కళ్లు ఆ వేళ్ల మీదే.

"ఏందే, గట్ల చూస్తవ్?" మొన్న కసిరింది. "పోయి అన్నం దించు, వాసనొస్తుంది."

పరుగెత్తాను. అడుగంతా మాడిపోయింది.