మార్క్వెల్ ఆట వదిలేయలేదు

మార్క్వెల్ టిబ్స్ బాస్కెట్‌బాల్ ఆట మానేశాడనీ, పొగరెక్కి పెద్ద కాలేజీ వాళ్ళతో పోట్లాడి ఇంటికొచ్చేశాడనీ చర్చి మెట్ల మీదా, చేపల ఫ్యాక్టరీ గేటు దగ్గరా తెగ చెప్పుకుంటున్నారు. అదంతా ఒట్టిమాట. ఈ ఊళ్ళో మంగలి దుకాణం నాది. ఆ పిల్లాడి తల నా చేతుల్లో పెరిగింది. చిన్నప్పుడు కుర్చీ మీద చెక్కముక్క అడ్డం వేసి కూర్చోబెట్టేదాన్ని. ఇప్పుడు కూర్చుంటే మోకాళ్ళు వెళ్ళి అద్దానికి తగులుతున్నాయి.

వాడు బడిలో ఆడే రోజుల్లో ఎక్కడెక్కడి కాలేజీల కోచ్‌లూ వాణ్ణి తమ జట్టులోకి తీసుకోవాలని మా నది ఒడ్డుకి వచ్చిపోయేవాళ్ళు. వాడి సంగతులు కూపీ లాగాలంటే నా దుకాణమే చోటని ఎవరు చెప్పారో గానీ, వచ్చినవాడల్లా నా కుర్చీలో కూర్చునేవాడు. ఒకాయన తల మీద వెంట్రుక అన్నది లేదు.

"ఏం కత్తిరించమంటావు నాయనా?" అన్నాను.

"గడ్డం కాస్త సర్దమ్మా."

"గడ్డం కూడా లేదు కదయ్యా!"

మూల కుర్చీలో చెకర్స్ పావులాట ఆడుకునే ఫ్లాయిడ్ తాత, "కనుబొమలు గీకెయ్ వెర్నెల్, పాపం అంత దూరం నుంచి వచ్చాడు" అన్నాడు. దుకాణమంతా ఘొల్లుమంది.

వాళ్ళందరిలో హాస్కిన్ అనే కోచ్ వేరు. మార్క్వెల్ తల్లి లోరీన్ ఇంట్లో ఆదివారం భోజనానికి కూర్చున్నాడు. ఆకుకూర రెండోసారి వడ్డించుకున్నాడు, లేచి గిన్నెలు తోమాడు. "నీ కొడుకు నా కొడుకే లోరీనమ్మా" అని ప్రార్థనలో కళ్ళు తుడుచుకున్నాడు. అంతే, పిల్లాడు ఆ మనిషికి పడిపోయాడు.

ఏ కాలేజీకి ఆడతాడో సంతకం పెట్టే రోజు బడి ఆటల హాల్లో బల్ల వేసి, మూడు కాలేజీల టోపీలు పెట్టారు. ఊరంతా వచ్చింది. పిల్లాడు ఏ టోపీ తీసి పెట్టుకుంటే ఆ కాలేజీకి వెళ్తున్నట్టు. పొద్దుటంతా కూర్చోబెట్టి నేను క్షవరం చేసిన తల మీద వాడు హాస్కిన్ గారి ఎర్ర టోపీ పెట్టేశాడు. జనం అరుపులకి కిటికీలు అదిరాయి. మేం చేసిన పొరపాటల్లా ఒకటే. మనిషిని చూసి టోపీ పెట్టించాం. సంతకం మాత్రం కాలేజీకి చేశాం.

మొదటి ఏడు వాడు బెంచీ చివర కూర్చున్నాడు. గెలుపు ఖాయమైపోయాక ఆఖర్న కాసేపు దింపేవాళ్ళు. "వచ్చే ఏడు నీదే, ఓపిక పట్టు" అనేవాడట హాస్కిన్. వీడు పట్టాడు. లోరీన్ ఫ్యాక్టరీలో పని దిగి, చేపల వాసన పోకుండానే కారెక్కి నాలుగు గంటలు నడుపుకుంటూ వెళ్ళేది. కొడుకు లేచి చప్పట్లు కొట్టడం చూసి తిరిగి వచ్చేది.

"బెంచీ దగ్గర నిలబడి తువ్వాలు బాగా ఊపుతున్నాడమ్మా మీవాడు" అని ఫ్లాయిడ్ తాత ఎకసెక్కం.

"నోరు మూసుకుని నీ పావు జరుపు తాతా" అనేదాన్ని.

వసంతంలో హాస్కిన్ ఇంకో పెద్ద కాలేజీకి వెళ్ళిపోయాడు. ఆ సంగతి మార్క్వెల్‌కి భోజనాల హాల్లో ఫోను చూస్తే తెలిసింది. జట్టు పిల్లలందరికీ ఒకే సందేశం పంపాడు, చివర ఒక ఎర్ర గుండె బొమ్మ. కొత్తగా వచ్చిన కోచ్ తన పాత జట్టు పిల్లల్ని వెంట తెచ్చుకున్నాడు. వీణ్ణి పిలిచి, "నువ్వు మంచి పిల్లాడివి. నా ఆటకి కుదరవు. వేరే చోటు చూసుకో" అన్నాడట. బూటు తాడు కట్టుకున్నంత సేపు కూడా పట్టలేదన్నాడు మార్క్వెల్. పోట్లాట ఎక్కడుంది ఇందులో? వీడు "సరేనండీ" అని వచ్చేశాడు.

కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ పట్టీలో గడువులోగా పేరు ఇచ్చుకున్నాడు. ఇక ఎవరో ఒకరు పిలవాలి. ఆడితేనే ఫీజు లేని చదువు కాబట్టి, పిలవకపోతే ఆటా పోయినట్టే, చదువూ పోయినట్టే. మునుపు నా గుమ్మం అరగదీసిన వాళ్ళలో ఒక్కడూ రాలేదు. అందరికీ ఏడాది ఆడి చూపించినవాడే కావాలి. బెంచీ మీద కూర్చున్నవాడు ఏం చూపిస్తాడు?

లోరీన్ ఒకరోజు దుకాణానికి వచ్చి నిలబడే మాట్లాడింది. "వాడు ఏడవడం లేదు వెర్నెల్. ఏడిస్తే బాగుండు. పెడితే తింటాడు, లేకపోతే లేదు. గోడకి మాటలు చెప్పినట్టుంది."

"బంతి ముట్టుకుంటున్నాడా?"

"రోజూ వెళ్తాడు. వేస్తాడు. పడుతుంది. పడిందో లేదో కూడా చూడడు."

జూలైలో వాడు నా కుర్చీలో కూర్చుని ఉండగా ఒకాయన తలుపు తోసుకుని వచ్చాడు. నది అవతల చిన్న కాలేజీ ఉందే, అక్కడి కోచ్ బీమన్. జట్టు వ్యాను తనే నడుపుకుంటూ వచ్చాడు. నేను చూసింది ముందు ఆయన తలే. జుట్టు చెవుల మీదికి దిగి ఉంది.

"హమ్మయ్య, ఈయనకి నిజంగానే క్షవరం కావాలి" అన్నాడు ఫ్లాయిడ్ తాత.

బీమన్ తన వంతు వచ్చేదాకా కూర్చున్నాడు. మార్క్వెల్ లేచాక తను కూర్చున్నాడు. కత్తెర ఆడుతుండగా అద్దంలోంచే అడిగాడు. "మా దగ్గరికి వస్తావా బాబూ? టోపీ తేలేదు. మాకు టోపీలు లేవు."

మార్క్వెల్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఒకే ఒక్క మాట అడిగాడు. "మీరు ఎన్నాళ్ళుంటారు?"

"ఏమో. ఇరవై ఏళ్ళుగా నన్ను వేరే కాలేజీకి రమ్మన్నవాడు లేడు."

ఫ్లాయిడ్ తాత నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. నేనూ నవ్వాను. మార్క్వెల్ నవ్వలేదు.

"సరే" అన్నాడు.

"సరే అంటే?"

"వస్తాను."

నిచ్చెన కాస్త పట్టుకుంటావా అంటే పట్టుకునేవాడి మొహంలా ఉంది వాడి మొహం. సాయంత్రం లోరీన్ సంతోషమేనా నాన్నా అని అడిగితే, "తెలీదమ్మా" అన్నాడట. ఎర్ర టోపీ ఇంకా ఆ ఇంట్లో ఫ్రీజర్ మీదే ఉంది. పారెయ్యలేదు, పెట్టుకోనూ లేదు.

ఇప్పుడు వాడు అక్కడ ఆడుతున్నాడు. ఆట మొదలైనప్పటి నుంచే దింపుతున్నారు. బుట్టలో వేస్తాడు, వెనక్కి పరిగెడతాడు, మొహంలో ఏ మార్పూ ఉండదు. పోయినసారి వెళ్ళినప్పుడు ఒకసారి బంతి పడిందో లేదో తల తిప్పి చూశాడు. నేను చూశాను. లోరీన్ నమ్మడం లేదు.

వంతెన దాటితే అరగంట దారి. హాల్లో సగం సీట్లు ఖాళీగానే ఉంటాయి. మీలో ఎవరైనా అటు వెళ్తే ఓసారి తొంగి చూడండి. టోపీ పెట్టుకున్న రోజు అరిచినట్టు వాడి పేరు పెట్టి అరవకండి. హాస్కిన్ ఊసెత్తకండి. ఆట అయ్యాక బయట వ్యాను దగ్గర నిలబడి ఉంటాడు. తిన్నావా అని అడగండి. తిన్నానంటాడు. నమ్మకుండా ఏదైనా కొనిపెట్టి, వాడు ఎలా ఉన్నాడో వచ్చి నాకు చెప్పండి. జుట్టు పెరిగి ఉంటే పంపించండి.