పొట్టేలు మెడలో హెల్త్ కార్డు

2023 ఎండాకాలం. వజ్రకరూరు పక్కన ఒక పల్లెలో నేను ఏఎన్ఎంని, అంటే ఇంటింటికీ తిరిగే నర్సుని. గర్భిణులకు పరీక్షలు, పిల్లలకు టీకాలు, బీపీ, షుగరు ఉన్నవాళ్లకు మాత్రలు, అన్నీ మా నెత్తినే. రిజిస్టర్లు రాసి రాసి నా వేలు కాయ కాచిపోయింది. అలాంటి వేళ రాష్ట్ర ప్రభుత్వం మా చేతిలో ఒక ట్యాబ్ పెట్టింది. ప్రతి మనిషికీ పద్నాలుగు అంకెల హెల్త్ ఐడీ తీయాలి, వాళ్ల జబ్బులూ మందులూ అందులోకి ఎక్కించాలి. ఇక రాష్ట్రంలో ఏ సర్కారు ఆసుపత్రికి పోయినా ఆ నంబరు కొడితే అన్నీ కనపడతాయన్నారు. రిజిస్టర్లు మాత్రం ఆపమనలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అనుకున్నాను. పైగా మా పల్లెలో ట్యాబ్‌కు నెట్ దొరికేది ఒక్క చోటే, నీళ్ల ట్యాంకు మెట్ల మీద. ఐడీ కావలసినవాళ్లంతా ఆ మెట్ల మీద కూర్చుని నన్ను తిట్టుకునేవాళ్లు.

అందరికంటే ఎక్కువ సతాయించినవాడు సుంకన్న. యాభై దాటిన గొర్రెల కాపరి. మా దగ్గర గడ్డి ఎండిపోగానే మందను తోలుకుని కర్నూలు జిల్లా కాలువ కింది పొలాలకు పోతాడు, వానలు పడ్డాకే మళ్లీ ఊరి ముఖం చూసేది. ఇంటికి నాలుగుసార్లు తిరిగితే ఒకసారి దొరికాడు.

"నాకు నూటయాభై గొర్రెలుండాయి సిస్టరమ్మా. ఒక్కదానికీ నంబరు లేదు. అయినా ఏది యాడ మేస్తాండాదో కండ్లు మూసుకోని చెప్తా. ఇంత పెద్ద సర్కారుకు నేనొక్కణ్ణి గుర్తుండనా?"

"ఉండవు. పోయినేడు డాక్టరు రాసిచ్చిన చీటీ ఏం చేసినావు?"

తల గోక్కున్నాడు. "మేక తినేసింది."

ఆ చీటీ మామూలు చీటీ కాదు. అంతకు ముందు ఏడాది సుంకన్న కాలి పుండుతో మా ఆరోగ్య కేంద్రానికి వచ్చాడు. చీము తగ్గడానికి ఒక యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేశారు. రెండు నిమిషాలు కాకముందే పెదవులు ఉబ్బాయి, గొంతు మూసుకుపోయింది, మనిషి నేల మీద గిలగిలా కొట్టుకున్నాడు. దీన్ని అనాఫిలాక్సిస్ అంటారు, పడని మందుకు ఒళ్లు ఒక్కసారిగా తిరగబడటం. డాక్టరు విరుగుడు సూది పొడిచి, ఆక్సిజన్ పెట్టి, ఎలాగో బతికించాడు. "ఈ మందు ఇంకోసారి పడితే మనిషి దక్కడు" అని దాని పేరు చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాడు. ఆ అక్షరాలే మేక కడుపులోకి పోయాయి.

అందుకే ఆ రోజు పట్టుబట్టి సుంకన్న పేరు ఎక్కించాను. పాత కేస్ షీటు వెతికించి, పడని మందు పేరు డాక్టరు చేతనే ట్యాబ్‌లో కొట్టించాను. ఒక చిక్కు మిగిలింది. వేరే ఆసుపత్రివాళ్లు ఆ వివరాలు చూడాలంటే ఐడీకి కలిపిన ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఆ ఆరంకెలు చెబితేనే రికార్డు తెరుచుకుంటుంది. సుంకన్నకు ఫోను లేదు. నా నంబరు ఇచ్చేశాను. అది తప్పని ట్రైనింగులో పదిసార్లు చెప్పారు. కానీ ఫోను లేనివాణ్ణి ఏం చేయాలో ఒక్కసారీ చెప్పలేదు.

కార్డు ప్రింటు తీయించి, మేకలు నమలకుండా ప్లాస్టిక్ అతికించి ఇచ్చాను. మంద బయలుదేరిన రోజు ఎదురుపడితే, ముందు నడిచే పొట్టేలు మెడపట్టీకి గంట పక్కనే ఆ కార్డు కుట్టేసి ఉంది! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇదేం పని సుంకన్నా? కార్డు నీకా, పొట్టేలుకా?"

"నా జేబులో ఏదీ నిలవదు సిస్టరమ్మా. ఈడైతే యాడికీ పోదు. మా మందలో ఎవరు తప్పిపోయినా ఈ పొట్టేలు తప్పిపోదు."

పక్కనే ఉన్న అతని భార్య మారెక్క నవ్వింది. "దావలో ఉన్నన్నాళ్లు గంట ఇప్పం. ఇప్పితే మంద చెదురుతాదంటారు. అది భద్రంగానే ఉంటాది లేమ్మా."

రెండు నెలల తర్వాత ఒక బుధవారం. అంగన్‌వాడీలో టీకాలు వేస్తున్నాను. చుట్టూ పిల్లల ఏడుపులు. ఫోనుకు ఆరంకెలొచ్చాయి, వెంటనే ఎవరో కొత్త నంబరు నుంచి ఫోను.

"అమ్మా, మీకు ఓటీపీ వచ్చింటాది, రోంత చెప్తారా?" అని ఆడగొంతు.

మా మండలంలో ఇలాంటి ఫోన్లకు మోసపోని ఆఫీసు లేదు. "నీకు వేరే పని లేదా?" అని పెట్టేశాను. మళ్లీ ఆరంకెలు, మళ్లీ ఫోను.

"నేను స్టాఫ్ నర్సునమ్మా, ఈడ సుంకన్న అని ఒక పేషెంటు..."

ఆ పేరు వినగానే అంకెలు నోటిదాకా వచ్చాయి. అయినా మోసగాళ్లకు పేర్లు తెలియడం పెద్ద విద్యా? చెబితే ఒకరి గుట్టు దొంగల చేతిలో పెట్టినదాన్నవుతాను. చెప్పకపోతే? ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాను. అప్పుడు వినిపించింది, అవతల గణగణమని గంట. దాని వెనకే "మే" అని బారెడు అరుపు. నర్సు నాతో కాదు, ఇంకెవరితోనో కసురుతోంది: "ఏమప్పా, ఆ పొట్టేలును రోంత బయట పట్టుకోండప్పా, సెలైన్ స్టాండు పడేస్తాండాది!"

ఏ దొంగకు తడుతుంది ఇంత అబద్ధం? "రాసుకోమ్మా!" అని అరిచాను. అంగన్‌వాడీలో పిల్లలు ఏడుపు మానేసి నన్నే చూశారు.

అంకెలు చెప్పేసి, అవి కొట్టేలోపే ఆగలేక, "ఆయనకు ఆంపిసిలిన్ పడదు, వేయొద్దు" అన్నాను. అవతల డాక్టరు ఫోను తీసుకున్నాడు. "ఆంపిసిలిన్ మేం వేయడం లేదమ్మా. వేరేది సిరంజిలోకి తీసి..." అంటూ ఆగిపోయాడు. రికార్డు తెరుచుకున్నట్టుంది. "ఇక్కడ పడనిది సెఫ్ట్రియాక్సోన్ అని ఉందమ్మా. ఇప్పుడు సిరంజిలో ఉన్నది అదే."

కళ్లారా చూసినదాన్ని, ఆ రోజు కొట్టుకుంటున్న మనిషి కాళ్లు అదిమిపట్టినదాన్ని, మందు పేరు తప్పు చెప్పాను. ప్రమాణం చేయమన్నా చేసేదాన్ని. నా మాట నమ్మి ఉంటే ఆ సూదే దిగేది.

తర్వాత మారెక్క చెప్పింది జరిగినదంతా. కాలువ కింద మంద మేపుతుంటే సర్కారు తుమ్మ ముల్లు దిగి కాలు తొడదాకా వాచిందట, అక్కడి సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయారట. జ్వరంతో సుంకన్నకు స్పృహ లేదు. "పోయినేడు ఒక సూది పడలేదు సామీ, సచ్చి బతికినాడు" అని ఈమె మొత్తుకుంటే, ఏ సూది అని అడిగారు. "తెల్లగా ఉన్నింది" అంది. అన్నీ తెల్లగానే ఉంటాయి. కార్డు పొట్టేలు మెడలో ఉందంటే నవ్వారు. ఆమె నవ్వలేదు. గంట విప్పకూడదు కాబట్టి పొట్టేలునే ఆటోలో ఎక్కించి తెచ్చింది. వార్డు బాయి అడ్డం పడినా లోపలికి లాక్కుపోయింది. నర్సు ఆ మెడకే ఫోను పెట్టి కార్డు మీది గళ్ల బొమ్మను స్కాన్ చేసి, కార్డు మీదే అచ్చైన నా నంబరుకు ఫోను చేసింది.

వేరే మందు వేశారు. సాయంత్రం నర్సు మళ్లీ ఫోను చేసింది. "జ్వరం తగ్గుతాండాదమ్మా. గంజి తాగినాడు. పొట్టేలు ఎట్లుండాదని అడిగినాడు." ఆ సంతోషం ఎవరికి చెప్పుకోవాలో తెలియక నీళ్ల ట్యాంకు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అన్నాళ్లూ నేను తిట్టుకుంటూ నొక్కిన ట్యాబ్‌ను కొంగుతో తుడిచాను.

తొలకరికి మా ఎర్ర చేలల్లో జనం వజ్రాలు వెతుక్కునే వేళకు సుంకన్న కుంటుకుంటూ మందతో తిరిగొచ్చాడు. ఈలోపు మండల మీటింగులో నాకు అక్షింతలు పడ్డాయి, పేషెంటు ఐడీకి నీ ఫోను కలపడమేంటని. తలొంచుకుని తప్పు ఒప్పుకున్నాను. సుంకన్న చేత చిన్న ఫోను కొనిపించి నంబరు మార్చాను.

అన్నాళ్లూ ఈ ఉద్యోగంలో నేను గర్వపడింది నా జ్ఞాపకశక్తి చూసుకునే. ఇప్పుడు ఎవరి మందు గురించి అడిగినా, నాకు తెలిసినా సరే, ముందు ట్యాబ్ తెరుస్తాను. కొత్తగా చేరిన పిల్లలకూ అదే చెబుతాను: మనకు బాగా గుర్తుందనుకున్నదాన్నే ముందు చూసుకోండమ్మా అని.

మరుసటి ఎండాకాలం మంద కాలువ దిక్కుకు పోయాక, సుంకన్న కాలు ఎలా ఉందోనని ఫోను చేశాను. చాలాసేపు మోగింది. ఎత్తగానే చెవిలో గంట గణగణమంది. "ఫోను యాడ పెట్టినావు సుంకన్నా?" అని అడగబోయి ఊరుకున్నాను. అవతల పొట్టేలు "మే" అంది.