జబేలా ఇంటి పండుగ శనగలు

పదకొండేళ్లు ఎదురుచూస్తే గానీ జబేలా ఇంటికి మేరీమాత పటం రాలేదు. ఆ చిన్న దీవిలో పటం ఏడాదికొక ఇంట ఉంటుంది. మరుసటి వేసవి పండుగకి ఆ ఇంటివాళ్లే దాన్ని పడవలో తీరం మీది చర్చికి చేర్చి, ఇసుకలో బల్లలు వేసి ఊరందరికీ భోజనం పెట్టాలి. చేపలూ మేకమాంసమూ ఎంత ఘుమఘుమలాడినా, శనగలు కుదరకపోతే ఆ ఇంటి పేరు పోయినట్టే.

పైగా ఆడపడుచు మరూసా ఉండనే ఉంది. వదినా మరదళ్లిద్దరూ ముప్పై ఏళ్లుగా ఒకరి వంట ఒకరు మెచ్చుకున్న పాపాన పోలేదు.

పండుగ ముందురోజు, శనివారం సాయంత్రం, జబేలా ఐదు పెద్ద మట్టికుండల్లో తెల్ల శనగలు, ఉల్లిపాయలు, బిర్యానీ ఆకు, ఆలివ్ నూనె వేసి రొట్టెల బట్టీకి తెచ్చింది. పండుగైనా ఆదివారం ఆనవాయితీ తప్పదు కాబట్టి, ఎప్పటిలాగే నలభై ఇళ్ల శనగల కుండలూ అక్కడికే వచ్చాయి. బట్టీ నడిపే స్తమాటిస్ అన్నీ లోపల సర్ది, తలుపు చుట్టూ మట్టి మెత్తేశాడు. ఇక తెల్లారేదాకా తెరిచేది లేదు.

ఆమె మొగుడు యకోవోస్ అప్పుడు నోరు విప్పాడు. పటం ఎక్కే పడవ తళతళలాడాలని ఇంటి తొట్టిలోని వాననీళ్లన్నీ పోసి కడిగాడట. శనగలకేమో తీరం బావి నీళ్లు తెచ్చిపెట్టాడట. ఆ నీళ్లలో పప్పులూ గింజలూ ఉడకవని దీవిలో పాలుతాగే పిల్లలకీ తెలుసు.

"పడవతో పాటు నా పరువు కూడా కడిగేశావు," అంది జబేలా.

మట్టి పగలగొట్టమని అడగొచ్చు. కానీ నలభై ఇళ్ల తిండి పాడవుతుంది. అడగకుండానే ఇంటికి వెళ్లిపోయింది.

పొద్దున్నే స్తమాటిస్ బట్టీ తెరిచాడు. జబేలా తన కుండలోంచి ఒక్క శనగ కొరికి చూసింది. రాయి. వెనక ఊరంతా నిలబడి ఉంది, అందరికంటే ముందు మరూసా. దాచిపెట్టి లాభం లేదనుకుని వాళ్లవైపు తిరిగింది.

"ఉడకలేదు. బావి నీళ్లు పోశాను. పండుగకి నా దగ్గర శనగల్లేవు." మొగుడి పేరు మాత్రం ఎత్తలేదు.

"ఇది మా తమ్ముడి తెలివే అయ్యుంటుంది," అంది మరూసా. తన వేడి కుండని గుడ్డతో చుట్టి చంకనెత్తుకుంది. "ఆ నీళ్లు పారబోసెయ్యి. మా తొట్టి నీళ్లు పోసి మళ్లీ బట్టీలో పెట్టించు. ఇవాళ మావి తింటాం, రేపు నీవి."

అని ఇంటికి పోకుండా తీరం దారి పట్టింది. ఆమె వెనకే నలభై కుండలూ కదిలాయి.

ఆ పూట తిన్నవాళ్లది భాగ్యం. పాదిరి ఏడు కుండలు రుచి చూసి ఎనిమిదో దానికోసం వెతికాడు. ఫిడేలు మోగుతుంటే ముసలివాళ్లు సైతం మోకాలిలోతు నీళ్లలో నాట్యమాడారు. జబేలాకి సంతోషంతో కళ్లు చెమర్చాయి. మరూసా కుండలోంచి రెండుసార్లు పెట్టించుకుని, "బాగున్నాయి వదినా," అనేసింది.

ఆ పండుగ రెండోరోజు దాకా సాగడం అదే మొదలు. సోమవారం ఊరంతా మళ్లీ ఇసుకలో కూర్చుంది. మరూసా తిన్నంతసేపూ జబేలా ఆమె మొహమే చూస్తూ నిలబడింది.

"ఉప్పు తక్కువ," అంది మరూసా, ఖాళీ పళ్లెం మళ్లీ ముందుకు చాపుతూ.