వీరభద్రం గారి ఎముకల కళ

కెనడాలోని సర్రీలో తనంత శుద్ధ శాకాహారి ఇంకొకడు లేడని వీరభద్రం గారు తనకు తానే సర్టిఫికెట్ ఇచ్చుకున్నారు. బేస్‌మెంట్ అద్దెకు అడిగిన వాళ్లను ఉద్యోగం సంగతి కాదు, ముందు కోడిగుడ్డు సంగతి అడుగుతారు. ఆ మహానుభావుడే ప్రతి శనివారం మాంసం కొట్టు నుంచి ఎద్దు కాలి ఎముకలు తెచ్చి, కొవ్వు వదిలేదాకా గ్యారేజీలో ఉడికిస్తారు. తర్వాత రంపంతో కోసి, ఆకురాయితో అరగదీసి, గుడ్లురిమి చూసే టికీ బొమ్మలు చెక్కుతారు. టికీ అంటే పసిఫిక్ దీవుల వాళ్ల పూర్వీకుల రూపం. ఆ దీవులెక్కడున్నాయో ఆయన మ్యాపులో కూడా చూడలేదు. బొమ్మల ఒంటి మీద చుట్టలు తిరిగే ఆ గీతలన్నీ యూట్యూబ్ ప్రసాదం. ఒక టికీ ఆయన మెడలో రుద్రాక్షల పక్కనే వేలాడుతుంటుంది.

మొన్న మృదుల అనే స్టూడెంట్ బేస్‌మెంట్ చూడటానికి వచ్చి, గ్యారేజీ కంపుకు ముక్కు మూసుకుంది.

"నాన్‌వెజ్ తింటావా అమ్మా? మా ఇంట్లో ఆ వాసన కూడా పడదు," అన్నారాయన, గిన్నెలో గరిటె తిప్పుతూ.

"మరి అందులో ఉడికేదేంటి అంకుల్?"

"ఎద్దు ఎముకలమ్మా. ఇది ఆర్ట్. మాంసం వేరు, ఎముక వేరు."

"అయితే మనకు భలే కుదిరింది అంకుల్. మాంసం నేను తింటా, ఎముకలు మీకిచ్చేస్తా."