వదిన పెట్టిన మడత

మా వదిన దర్జీ. వీధి మొదట్లో, మెట్ల కింద గదిలో ఇరవై రెండేళ్ళుగా ఒకటే మిషను తొక్కుతోంది. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. అన్నం తినేటప్పుడు కూడా తియ్యదు. బయల్దేరేటప్పుడు నన్నైనా మర్చిపోతుంది గానీ దాన్ని మర్చిపోదని మా అన్నయ్య అంటాడు. అందులో కాస్త కుళ్ళు కూడా ఉందని నా అనుమానం.

ఆవిడ పనిలో రెండు గుట్లున్నాయి. సోమవారానికి అయిపోయే బట్టల్ని బుధవారం వచ్చి తీసుకోమంటుంది. అందుకే చెప్పిన రోజుకి బట్టలిచ్చే ఏకైక దర్జీ అని పేరు. రెండోది మడత. పిల్లల గౌన్లకీ లాగులకీ కింద లోపలివైపు నాలుగు వేళ్ళ గుడ్డ మడిచి కుడుతుంది. ఆ సంగతి తల్లులకి చెప్పదు. మరుసటేడు పొట్టిదైపోయిందని మొహం వేలాడేసుకుని వస్తే, అప్పుడు కుట్టు విప్పి కిందికి దించుతుంది. ముందే చెప్తే ఇవాళే విప్పించుకుని పిల్ల చేత నేల ఊడిపిస్తారట.

ఇలాంటి మనిషికీ బడి కట్టించడానికీ ఏం సంబంధం అంటే, మా అన్నయ్య పన్ను. మా వీధి చివర బడి ఒక రేకుల షెడ్డు. నాలుగు తరగతులు, మధ్యలో గోడలు లేవు. వాన పడితే పంతులమ్మలు మాట్లాడటం మానేసి బోర్డు మీద రాసుకోవాల్సిందే. ఎన్నో అర్జీల తర్వాత నాలుగు గదులు మంజూరయ్యాయి, ఒక మెలికతో. సెలవులు ముగిసేలోగా ఆఫీసరు వచ్చి చూస్తాడు. అప్పటికి నాలుగు గదులకీ కప్పు, నేల, తలుపులు ఉండాలి. లేకపోతే మా బడిని పెద్దరోడ్డు అవతల బడిలో కలిపేస్తారు. ఆ రోడ్డు దాటడానికి నాకే రెండు నిమిషాలు ధైర్యం కూడగట్టుకోవాలి, లారీలు అలా పోతుంటాయి. ఇక ఆరేళ్ళ పిల్లల మాట చెప్పాలా?

దీని గురించి పెట్టిన మీటింగుకి అన్నయ్య వెళ్ళాలి. ఆయనకి పన్ను నొప్పి వచ్చి వదినని పంపాడు. అక్కడ ఆవిడ లేచి, కట్టేవాళ్ళని ముందే అనుకున్నారా, పనితనం చూసి తీసుకుంటారా అని అడిగింది. అడిగిన పాపానికి హెడ్మాస్టరుగారు చేతులు జోడించి, "మీరే చూసి తీసుకోండమ్మా" అన్నారు. ఇంటికొచ్చి చెప్తే అన్నయ్య పన్ను నొప్పి మర్చిపోయి నవ్వాడు. వదిన నవ్వలేదు. తన చిన్నప్పుడు బడిని రైలు పట్టాల అవతలికి మార్చారు. నాలుగో తరగతితో ఆవిడ చదువు అక్కడే ఆగిపోయింది. లెక్కలు నాకు టేపే నేర్పిందని నవ్వుతూ చెప్తుంది గానీ, బడి విడిచిపెట్టే వేళకి మిషను ఆపి గుమ్మంలోంచి పిల్లల్ని చూడటం నాకు తెలుసు.

పని కోసం ముగ్గురు మేస్త్రీలు వచ్చారు. ముగ్గురూ కట్టినవి చూపిస్తామన్నారు. నేను తపాలా ఆఫీసులో గుమాస్తాని, ఆదివారం ఖాళీ, కాబట్టి నన్ను వెంటేసుకుంది. మొదటి మేస్త్రీ కట్టిన ఇల్లు ముందునుంచి చూస్తే కళ్ళు చెదిరాయి. వదిన గేటు దగ్గర ఆగనే లేదు, తిన్నగా పెరట్లోకి వెళ్ళింది. బట్ట పనితనం తిరగేస్తేనే తెలుస్తుందట. వెనక గోడకి టేపు ఆనించి, స్నానాలగది గొట్టాల వెనక తొంగి చూసి, "పైన పటారం, లోన లొటారం" అంది. ఆ మాట మేస్త్రీ విన్నాడు. నేను సిగ్గుతో మామిడి చెట్టేదో చూస్తున్నట్టు నటించాను. అక్కడ చెట్టే లేదు.

రెండోవాడిదీ అదే తంతు. మూడోవాడు గుండు మేస్త్రీ. తలనిండా జుట్టే. గోడ నిలువు చూసే తూకం గుండు ఎప్పుడూ చేతిలో ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఆయన కట్టిన ఇళ్ళు ముందు ఎంత చక్కగా ఉన్నాయో వెనకా అంతే. వడ్రంగినీ అలాగే ఎంచింది. తలుపుల ముందు భాగం చూడలేదు, పైఅంచు మీద వేలు పెట్టి రాసింది. ఎవరూ చూడని ఆ అంచుని కూడా చిత్రిక పట్టి నున్నగా చేసినవాడు ఒక్కడే దొరికాడు.

ఊళ్ళోకెల్లా మంచి మేస్త్రీ, ఊళ్ళోకెల్లా మంచి వడ్రంగి. ఇంకేం కావాలి? మొదటి రోజే తెలిసింది, పదకొండేళ్ళుగా వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఎవరింట్లోనో ఒక గుమ్మం సరిగ్గా కూర్చోలేదు. గోడ వంకరని ఒకరు, గుమ్మం వంకరని ఒకరు. ఆడలేక మద్దెల ఓడన్నాడని ఇద్దరూ ఎదుటివాణ్ణే అన్నారు. ఇక్కడ ఇద్దరూ గోడకి చెప్పినట్టు మాట్లాడేవాళ్ళు. "ఓ గోడా, గుమ్మాలు ఎప్పుడు తెస్తారట?" అని మేస్త్రీ. "ముందు నువ్వు నిటారుగా నిలబడు, తెస్తాను" అని వడ్రంగి. అందరూ అందలమెక్కితే మోసేవారెవరు వదినా అన్నాను. ఒకర్ని మార్చెయ్యమని కూడా సలహా ఇచ్చాను.

మార్చలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి మేస్త్రీ గుండు తీసి వడ్రంగికిచ్చింది, వడ్రంగి మూలమట్టం తీసి మేస్త్రీకిచ్చింది. రోజూ పని మొదలెట్టే ముందు గోడల నిలువు వడ్రంగి చూడాలి, గుమ్మాల మూలలు మేస్త్రీ చూడాలి, తప్పుంటే తనకి చెప్పాలి. అంతే. అవతలివాడి తప్పు పట్టుకోవడానికి ఇద్దరూ పావుగంట ముందే వచ్చేవాళ్ళు. అవతలివాడికి దొరక్కూడదని ఇద్దరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేసేవాళ్ళు. అంత నిటారు గోడల్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

వదిన ఏది కొలిచినా వాడే మనిషిని బట్టే. బోర్డు ఎంత ఎత్తులో ఉండాలని మేస్త్రీ అడిగితే, ఒకటో తరగతి పిల్లని పిలిచి చెయ్యెత్తించి కొలిచింది. కుళాయికీ అంతే. మేస్త్రీ మొదట నవ్వుకున్నాడు గానీ, తర్వాత తనే ఆ పిల్లని కేకేసి కిటికీ ఎత్తు కొలుచుకున్నాడు.

ఆఫీసరు వచ్చే తారీఖు ఉత్తరం వదిన పేరు మీదే వచ్చింది. ఇరవయ్యో తారీఖని అందరికీ చెప్పింది. నా దస్తూరీ బాగుంటుందని నాకొక పని పెట్టింది: ఆఫీసుకి వెళ్తూ వెళ్తూ షెడ్డు గోడ మీద సుద్దతో ఇంకా ఎన్ని రోజులుందో రాయాలి. స్లాబు పడింది, కింద ఆసరాగా పెట్టిన చెక్కలు ఊడదీశారు, ఇక నల్లేరు మీద బండి నడకే అనుకున్నాం. అప్పుడు పట్టుకుంది వాన. ఎనిమిది రోజులు. నేను పన్నెండు, పదకొండు, పది అని రాస్తుంటే మేస్త్రీ నావైపు చూసిన చూపు తల్చుకుంటే ఇప్పటికీ జంకు. అంకెలు నేను కనిపెట్టినట్టు.

"ఇంకా 2 రోజులు" అని రాసిన సాయంత్రం, ఊడిన బొత్తాం కుట్టించుకోడానికి వదిన దగ్గర కూర్చున్నాను. నాలుగో గదికి నేల పడలేదు, రెండు తలుపులు బిగించలేదు. నాకు నిజంగానే భయంగా ఉంది. బడి పోతే వదిన మొహం ఎలా చూడాలా అని. అంతలో వడ్రంగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మేస్త్రీకి మనవరాలు పుట్టి ఆరు రోజులైందమ్మా" అన్నాడు. "కూతురు ఫోన్లో ఏడుస్తోంది, ఒక్కసారి రమ్మని. బడి అయ్యేదాకా కదలనంటున్నాడు. మీరు చెప్తే వెళ్తాడేమో."

మీకు మాటల్లేవుగా, ఎలా తెలిసిందని అడిగాను. గోడకి చెప్పుకుంటుంటే విన్నానన్నాడు.

మిషను ఆగిపోయింది. కుట్టు మధ్యలో వదిన కాలు ఆగటం నేనెప్పుడూ చూడలేదు. బొత్తాం అలాగే వదిలేసి బడి వైపు నడిచింది, వెనకాలే మేమిద్దరం. మేస్త్రీ నాలుగో గదిలో మోకాళ్ళ మీద కూర్చుని నేల చదును చేస్తున్నాడు.

"మేస్త్రీగారూ, ఆఫీసరు వచ్చేది ఇరవైన కాదు, ముప్పైన" అంది వదిన. "నేనే పది రోజులు మడిచి చెప్పాను."

ఆ ఉత్తరం నా చేతుల మీదుగా వెళ్ళిందే. హెడ్మాస్టరుగారికి తెలుసట. అందుకే కాబోలు, నా సుద్ద అంకెలు చూసినప్పుడల్లా ఆయన తేలు కుట్టిన దొంగలా తప్పుకునేవారు. నాకెందుకు చెప్పలేదంటే, నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆ మాట నిజమే కాబట్టి కోపం కూడా తెచ్చుకోలేకపోయాను.

మేస్త్రీ లేచి చేతులు దులుపుకున్నాడు.

"ఆ పదిలో ఆరు నా మనవరాలి రోజులమ్మా" అన్నాడు.

వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తప్పే. గుడ్డయితే విప్పితే తిరిగొస్తుంది. మనుషుల రోజులు అలా మడవకూడదని నాకు తోచలేదు. మీరు వెళ్ళిరండి. ఇంకా పన్నెండు రోజులుంది."

ఆయన సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి తూకం గుండు వడ్రంగి చేతిలో పెట్టాడు. "మూడో రోజుకి వస్తాను. నా మనుషుల్ని చూస్తూ ఉండు" అన్నాడు. పదకొండేళ్ళ తర్వాత, గోడకి కాదు, మనిషికి.

ఆ మూడు రోజులూ వడ్రంగి మేస్త్రీ మనుషుల్ని వాళ్ళ మేస్త్రీకన్నా ఎక్కువ సాధించాడు. నేను షెడ్డు గోడ మీద రెండు కొట్టేసి పన్నెండు రాశాను. దారిన పోయేవాళ్ళు నాకు లెక్కలు రావనుకున్నారు. ఇరవై ఏడో తారీఖుకి నాలుగు గదులూ పూర్తయ్యాయి. ముప్పైన ఆఫీసరు వచ్చి గదులన్నీ తిరిగి చూసి బాగుందన్నాడు. వదిన ఊరుకుంటుందా? ఆయన్ని బలవంతాన వెనక్కి తీసుకెళ్ళి పెరటి గోడలు కూడా చూపించింది. మా బడి ఎక్కడిది అక్కడే ఉంటుందని కాగితం మీద సంతకం చేసి వెళ్ళాడు. ఆ రోజు వదిన మిషను దగ్గర కూర్చుని హాయిగా ఏడ్చింది. అన్నయ్య పక్కన నిలబడి, ఏం చెయ్యాలో తెలియక, టేపు చుట్టి పెట్టాడు.

ఊరి నుంచి వచ్చినప్పటినుంచీ మేస్త్రీ వదినతో పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. ఆవిడ అది పైకి చెప్పుకోలేదు గానీ మనసులో పెట్టుకుంది. బడి తెరిచిన వారానికి ఒక సాయంత్రం ఆయన దుకాణానికి వచ్చాడు. చొక్కా జేబులోంచి తాపీపని దారం ఒకటి తీశాడు. రెండు చోట్ల ముడి వేసి ఉంది. ముడికీ ముడికీ మధ్య మూర కన్నా కాస్త ఎక్కువ.

"మా మనవరాలి పొడుగు" అన్నాడు. "ఒక గౌను కుట్టాలి. లోపల మడత బాగా పెట్టండమ్మా, పెరిగే పిల్ల."

వదిన ఆ దారాన్ని రెండు చేతులతో అందుకుంది. టేపు పక్కన ఆనించి, కొలిచి, మళ్ళీ కొలిచింది. ఎప్పటికి కావాలని అడిగింది.

మేస్త్రీ వేళ్ళ మీద లెక్క పెట్టాడు.

"అసలు తారీఖు చెప్పమంటారా, మీ లెక్క తారీఖు చెప్పమంటారా?"